ఆ లాప్‌టాప్‌లో విండోస్ ముందే ఉంది: సెకండ్ హ్యాండ్ లాటిట్యూడ్ డైరీ

2025 జులై 26, శనివారం

మా మేనకోడలికి లాప్‌టాప్ కొనాలి. పాలిటెక్నిక్‌లో సివిల్, రెండో సంవత్సరంలోకి వచ్చింది, ఆటోకాడ్ (కంప్యూటర్లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) ల్యాబ్ మొదలైంది. ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురు కూర్చుంటారట, మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకే పని వస్తుంది, మిగతా ఇద్దరూ చూస్తూ ఉండాల్సిందే. "మామయ్యా, ఇంట్లో ఒకటుంటే రాత్రిళ్ళు ప్రాక్టీస్ చేసుకుంటా" అని ఫోన్ చేసి అడిగింది. అక్క 20 వేల దాకా సర్దగలనంది. ఆ డబ్బుకి కొత్తది కొంటే 4 జీబీ ర్యామూ, ఓపిక లేని ప్రాసెసరూ వస్తాయి. అందుకని కంపెనీలు నాలుగైదేళ్ళు వాడి వదిలేసిన బిజినెస్ మోడల్ ఏదైనా చూద్దామని పొద్దున్నే సికింద్రాబాద్ పార్క్ లేన్ వైపు వెళ్ళా.

ఇంటి దగ్గరే ఒకటి గట్టిగా అనుకుని బయల్దేరా. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో జనరేషన్ కంటే పాతది ముట్టుకోకూడదు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఈ అక్టోబర్ 14తో ఆగిపోతున్నాయి. విండోస్ 11 నియమాల ప్రకారం ఎక్కాలంటే టీపీఎం 2.0 (తాళాలు దాచే సెక్యూరిటీ చిప్పు) ఉండాలి, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) పనిచెయ్యాలి, ప్రాసెసర్ ఎనిమిదో జనరేషన్ నుంచి మొదలవ్వాలి. అందుకే ఇప్పుడు షాపుల్లో ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ మిషన్లు గుట్టలుగా ఉన్నాయి, రేటు కూడా ఊరిస్తుంది. నాకూ షాపతను ముందు ఏడో జనరేషన్‌దే చూపించాడు, 12,500కి ఇస్తా, 11 కూడా వేసిస్తా అన్నాడు. నియమాల్ని దాటవేసి 11 ఎక్కించొచ్చు, నిజమే, నడుస్తుంది కూడా, కానీ రేపు పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చినప్పుడు అది ఎక్కుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు. ఆ పిల్లకి ఇంకో రెండేళ్ళ డిప్లొమా ఉంది, ఆ తర్వాత ఈసెట్ రాసి బీటెక్ చేస్తే మరో మూడేళ్ళు.

చివరికి డెల్ లాటిట్యూడ్ 7490 తీసుకున్నా. ఐ5 8350యూ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, 17,500. డబ్బులివ్వక ముందు షాపులోనే చేసిన పని ఒకటుంది, ఇది మాత్రం ఎవరూ మరిచిపోవద్దు. డెల్ లోగో వస్తుండగా ఎఫ్2 కొట్టి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు నడిచే, మిషన్ సొంత సెట్టింగుల్లోకి) వెళ్ళా. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేసి రావాలి, అది పాత కంపెనీ వేసిన తాళం, మనం తియ్యలేం. అడగలేదు. సెక్యూరిటీ మెనూలో కంప్యూట్రేస్ అని ఉంటుంది, దొంగతనానికి గురైన మిషన్ని వెతికి పట్టుకోవడానికి కంపెనీలు పెట్టుకునేది, అది యాక్టివేట్ అయి ఉందేమో చూశా. లేదు. మిషన్ అడుగున ఉన్న సర్వీస్ ట్యాగ్ (ఆ మిషన్‌కి డెల్ ఇచ్చిన గుర్తింపు కోడ్) ఫోటో తీసుకున్నా.

షాపతను మంచివాడే, ఓపిగ్గా అన్నీ చూపించాడు. వారం చెకింగ్ వారంటీ రాసిచ్చాడు. వచ్చేటప్పుడు మాత్రం రెండు మాటలు చెప్పాడు. "ఒరిజినల్ విండోసే అన్నా, లైఫ్‌టైమ్ యాక్టివేషన్." ఆ వెంటనే, "అప్‌డేట్ మాత్రం ఎప్పుడూ నొక్కొద్దు, యాక్టివేషన్ పోతుంది." ఒరిజినల్ అయితే అప్‌డేట్‌కి ఎందుకు భయపడాలి? బస్సులో ఇంటికి వచ్చేదాకా ఇదే ఆలోచన.

అదే రోజు రాత్రి

ముందు ఏదీ చెరపలేదు. షాపువాళ్ళు వేసిన విండోస్ అలాగే ఉంచి, అందులోంచే మిషన్ గురించి తెలుసుకోవాల్సినవన్నీ తెలుసుకున్నా. ఫార్మాట్ కొట్టేశాక ఈ వివరాలు కొన్ని మళ్ళీ దొరకవు.

సెట్టింగ్స్‌లో చూస్తే యాక్టివేటెడ్ అనే ఉంది. ఆ ఒక్క ముక్క చూసి నమ్మకూడదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ డీఎల్‌వీ అని కొడితే చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది, అసలు కథ అందులో ఉంటుంది. నాకు వచ్చింది ఇదీ: విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్. ఛానెల్ దగ్గర వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్. గడువు 2,46,240 నిమిషాలు, అంటే 171 రోజులు.

లైఫ్‌టైమ్ అన్నది ఇదన్నమాట. కేఎంఎస్ అనేది పెద్ద ఆఫీసులకూ యూనివర్సిటీలకూ ఉన్న పద్ధతి. వాళ్ళ నెట్‌వర్క్‌లో ఒక సర్వర్ ఉంటుంది, అక్కడున్న కంప్యూటర్లన్నీ దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఒకసారి అయితే 180 రోజులు చెల్లుతుంది, మధ్యమధ్యలో ఆ సర్వర్‌ని పలకరించి మళ్ళీ 180కి పెంచుకుంటూ ఉంటాయి. మా ఇంట్లో అలాంటి సర్వర్ ఎక్కడుంది? ఒక యాక్టివేటర్ ప్రోగ్రామ్ ఈ లాప్‌టాప్‌లోనే కూర్చుని తనే ఆ సర్వర్‌నని విండోస్‌ని నమ్మిస్తోంది. టాస్క్ షెడ్యూలర్‌లో వెతికితే రోజూ నడిచేలా పెట్టిన పని కూడా కనిపించింది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే, చాలామంది సర్దుకుపోయేదే. నేను సర్దుకోలేకపోయింది తర్వాత చూసిన దానికి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ అనే పేజీ ఉంటుంది, యాంటీవైరస్ చూడకుండా వదిలెయ్యాల్సిన ఫోల్డర్ల జాబితా. అందులో ఒకే ఒక్క లైను ఉంది: సీ డ్రైవ్. మొత్తం సీ డ్రైవ్. యాక్టివేటర్‌ని డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) పట్టుకుంటుంది కదా, పట్టుకోకుండా ఉండటానికి ఇల్లంతా చూడొద్దని చెప్పేశారు. ఆ పిల్ల రేపు ఇందులోనే ఫీజులు కడుతుంది, స్కాలర్‌షిప్‌కి ఆధార్ కాపీ పెడుతుంది, వాళ్ళమ్మ బ్యాంకు అకౌంటు కూడా ఇందులోనే తెరుస్తుంది. యాంటీవైరస్ ఆన్‌లోనే ఉన్నట్టు పచ్చ టిక్కు చూపిస్తూ ఏమీ చూడకుండా కూర్చుంటుంది. నాకు చాలా కోపం వచ్చింది, షాపతని మీద కూడా కాదు, ఇది మామూలే అనుకునే పరిస్థితి మీద.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది తీసేస్తే, కొత్త లైసెన్స్‌కి వేలు పెట్టాలా? నెట్‌లో మూడొందలకి, ఐదొందలకి అమ్మే కీలు కొనొద్దు, అవి ఎక్కడివో తెలియదు, ఎప్పుడు బ్లాక్ అవుతాయో తెలియదు.

నిజానికి ఈ లాప్‌టాప్‌కి విండోస్ డబ్బు ఎప్పుడో కట్టేశారు. విండోస్ 8 నుంచీ లాప్‌టాప్ కంపెనీలు కీని స్టిక్కర్ మీద ముద్రించడం మానేసి, మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లోనే రాసి పంపుతున్నాయి. డిస్కు మార్చినా, ఫార్మాట్ చేసినా, చేతులు మారినా అది బోర్డులోనే ఉంటుంది. ఆ లైసెన్సు మిషన్‌తో పాటే కొన్నవాళ్ళకి వస్తుంది. పవర్‌షెల్‌లో ఒక కమాండ్‌తో దాన్ని చదవొచ్చు, సాఫ్ట్‌వేర్ లైసెన్సింగ్ సర్వీస్‌ని అడిగి ఓఏ3ఎక్స్ ఒరిజినల్ ప్రొడక్ట్ కీ అనే విలువ తెప్పించుకోవాలి. కొట్టా. ఒక్క క్షణం ఖాళీ. తర్వాత ఐదేసి అక్షరాల గుంపులు ఐదు, మొత్తం ఇరవై ఐదు అక్షరాలు తెర మీదకి వచ్చాయి. దాని డిస్క్రిప్షన్ కూడా తెప్పిస్తే ప్రొఫెషనల్, ఓఈఎం డీఎం అని వచ్చింది.

అంటే డెల్ ఈ లాప్‌టాప్‌ని తయారుచేసిన రోజే విండోస్ ప్రోతో పంపింది. ఇన్నాళ్ళూ ఆ కీ బోర్డులో నిక్షేపంగా ఉంది, దాని నెత్తిన దొంగ ఎంటర్‌ప్రైజ్ వేసి అమ్మారు! ఎవరో ఒకరు ఒక్క నిమిషం చూసుంటే ఆ యాక్టివేటర్ అవసరమే లేదు. ఈ డైరీ రాయాలనిపించింది ఇందుకే.

ఆ కమాండ్‌కి ఖాళీగా వస్తే? బోర్డు మార్చి ఉండొచ్చు, లేదా ఆ మిషన్ విండోస్ లేకుండానే అమ్మి ఉండొచ్చు. ఖాళీ వచ్చినా శుభ్రంగా వేసి నెట్‌కి కలిపి ఒకసారి చూడటం మంచిది, ఇంతకుముందు ఆ బోర్డు మీద డిజిటల్ లైసెన్స్ నమోదై ఉంటే దానంతటదే పట్టుకుంటుంది. అదీ లేకపోతే కొనాలి, లేదా లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వెయ్యాలి. నేను రోజూ వాడేది మింటే, ఆటోకాడ్ లేకపోతే ఈ పిల్లకీ అదే వేసేవాణ్ణి.

మిగతా చెకింగ్ త్వరగానే అయింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం 93 శాతం. బ్యాటరీ రిపోర్ట్‌లో కొత్తగా ఉన్నప్పుడు 60,000 మిల్లీవాట్ అవర్స్ దగ్గర, ఇప్పుడు 37,000 చిల్లర. రెండున్నర గంటలు వస్తుంది, ప్రస్తుతానికి చాలు.

జులై 27, ఆదివారం

వెనక మూత విప్పా. స్క్రూలు మూతలోనే ఉండిపోయే రకం, పడిపోవు, హాయి. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము నూలు దారంలా పేరుకుని ఉంది, బ్రష్‌తో తీశా. ముందు బ్యాటరీ కనెక్టర్ పీకి పక్కన పెట్టి తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి, అలాగే చేశా. రెండో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంది, నా దగ్గరున్న 8 జీబీ డీడీఆర్4 వేశా. మొత్తం 16.

మూత బిగించి ఆన్ చేస్తే టైమ్ సెట్ అయి లేదని ఒక మెసేజ్ వచ్చింది. తర్వాత చూద్దాంలే అని కంటిన్యూ కొట్టా. ఇది గుర్తుపెట్టుకోండి, మర్నాడు దీనితో గంటన్నర పోయింది.

జులై 28, సోమవారం రాత్రి

ఆఫీసు నుంచి వచ్చి, తిని, తొమ్మిదింటికి కూర్చున్నా.

మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి 16 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేశా (8 ఉన్నా చాలు, కానీ అందులో ఉన్నవన్నీ పోతాయి). ఎక్కడో ఎవరో అప్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) దించి వెయ్యొద్దు, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తున్నప్పుడు ఆ రిస్క్ దేనికి.

బయోస్‌లోకి వెళ్తే షాపువాళ్ళు లెగసీ బూట్‌లో (మిషన్ ఆన్ అయ్యే పాత పద్ధతి) పెట్టి ఉంచారు, సెక్యూర్ బూట్ ఆఫ్. 11 కోసం యూఈఎఫ్‌ఐకి (కొత్త పద్ధతి) మార్చి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, టీపీఎం 2.0 ఆన్‌లో ఉందో లేదో చూసి, పాత కంపెనీ తాళాలేమైనా అందులో మిగిలి ఉంటాయని దాన్ని క్లియర్ కూడా చేశా. ఈ క్లియర్ అనేది మీ సొంత డేటా ఉన్న మిషన్‌లో చెయ్యకండి, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) ఉంటే రికవరీ కీ లేకుండా తెరుచుకోదు. ఖాళీ చేసే మిషన్ కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఎఫ్12, పెన్‌డ్రైవ్, సెటప్ మొదలైంది. డిస్కు ఎంచుకునే చోట ఆగిపోయింది, ఈ డిస్కు మీద వెయ్యలేనంది. కారణం వెంటనే తెలిసింది. లెగసీలో వేశారు కాబట్టి డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంది, యూఈఎఫ్‌ఐకి జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. షిఫ్ట్ ఎఫ్10 కొడితే నల్ల కిటికీ వస్తుంది. డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్. ఇక్కడ తొందర వద్దు. రెండు డిస్కులు కనిపిస్తాయి, ఒకటి లాప్‌టాప్‌ది, ఒకటి పెన్‌డ్రైవ్. సైజు చూసి గుర్తుపట్టాలి: 238 జీబీ ఉన్నది 0, 14 జీబీ ఉన్నది 1. సెలెక్ట్ డిస్క్ 0, మళ్ళీ ఒకసారి లిస్ట్ డిస్క్ కొట్టి 0 ముందు నక్షత్రం గుర్తు పడిందని చూసుకుని, అప్పుడు క్లీన్. ఒక్క సెకను. షాపువాళ్ళ ఎంటర్‌ప్రైజ్, యాక్టివేటర్, సీ డ్రైవ్ మినహాయింపు, అన్నీ పోయాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి: హోమ్ కావాలా ప్రో కావాలా అని సెటప్ ఎక్కడా అడగలేదు, కీ కూడా అడగలేదు. బోర్డులో ఉన్న కీని తనే చదువుకుని ప్రో వేసుకుంటూ పోయింది. అడగలేదంటే కీ దొరికిందన్న మాట.

ఇరవై నిమిషాల్లో నీలం తెర, దేశం, కీబోర్డు, తర్వాత వైఫై. ఇక్కడ నాకు నిజంగా టెన్షన్. కంపెనీ లాప్‌టాప్‌లకి ఆటోపైలట్ అని ఒక పద్ధతి ఉంది, ఆ మిషన్ హార్డ్‌వేర్ గుర్తులు కంపెనీ పేరు మీద మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదై ఉంటాయి. అమ్మేటప్పుడు వాళ్ళు ఆ నమోదు తీసెయ్యకపోతే, శుభ్రంగా ఫార్మాట్ చేసి నెట్‌కి కలిపిన క్షణం ఫలానా కంపెనీకి స్వాగతం, ఆఫీసు మెయిల్‌తో లాగిన్ అవ్వండి అని వస్తుంది. అది తీయాల్సింది ఆ కంపెనీ ఐటీ వాళ్ళు. షాపుల్లో నెట్ లేకుండా వేస్తే ఇది బయటపడదు. అందుకే చెకింగ్ వారంటీ వారంలోపే శుభ్రంగా వేసి నెట్‌కి కలిపి చూడాలి.

వైఫై పాస్‌వర్డ్ కొట్టా. తిరుగుతోంది, తిరుగుతోంది... ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి అంది. మళ్ళీ. అదే మాట. ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించా, అదే. మొదటినుంచీ మళ్ళీ వేశా, అక్కడికే వచ్చి ఆగింది. టైమ్ పదకొండున్నర. కంపెనీ తాళమే అయితే పేరు చూపించాలి కదా, ఇదేంటి మరి? ఆ టైమ్ అన్న మాట మనసులో మెదిలాక గుర్తొచ్చింది, నిన్నటి మెసేజ్. రీస్టార్ట్ చేసి బయోస్‌లో చూస్తే తేదీ ఏళ్ళ వెనక ఉంది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, నిన్న నేను పెద్ద బ్యాటరీ పీకగానే గడియారం పడిపోయింది. తేదీ తప్పుంటే సర్వర్ చూపించే సర్టిఫికెట్‌ని మన మిషన్ నమ్మదు, ఇంకా పుట్టని తేదీతో వచ్చిన కాగితంలా కనిపిస్తుంది దానికి. అందుకే లాగిన్ దాకా పోవట్లేదు.

తేదీ సరిచేసి మళ్ళీ వైఫై. ఈసారి గిర్రున తిరిగి మామూలు పేజీ వచ్చింది. ఏ కంపెనీ పేరూ లేదు. కుర్చీలోంచి లేచి ఒక గ్లాసు నీళ్ళు తాగొచ్చా.

మేనకోడలి పేరు మీద అకౌంట్ ముందే చేయించి పెట్టా, దానితో లోపలికి వెళ్ళా. డెస్క్‌టాప్ రాగానే అదే కమాండ్, అదే పెట్టె. విండోస్ ప్రొఫెషనల్. ఛానెల్: ఓఈఎం డీఎం. గడువు అనే లైనే లేదు. స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే ఈ మిషన్ శాశ్వతంగా యాక్టివేట్ అయింది అని వచ్చింది. ఒక్క రూపాయి కట్టలేదు, ఒక్క క్రాక్ వాడలేదు.

జులై 29, మంగళవారం

డెల్ సైట్‌లో సర్వీస్ ట్యాగ్ కొట్టి డ్రైవర్లు, కొత్త బయోస్ తీసుకున్నా. బయోస్ అప్‌డేట్ అవుతున్నంతసేపూ చార్జర్ పెట్టే ఉంచాలి, మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీలో చార్జ్ ఉండాలి. వర్షాకాలం, మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, అందుకని ఫుల్ చార్జ్ అయ్యాకే మొదలుపెట్టా.

ఇంకొకటి చాలామంది గమనించరు. విండోస్ 11 కొత్త వెర్షన్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో శుభ్రంగా వేస్తే డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. మంచిదే, బస్సులో పోయినా ఎవరూ డేటా చదవలేరు. కానీ 48 అంకెల రికవరీ కీ అకౌంట్‌లో ఉంటుంది, రేపు బోర్డు రిపేరైనా, బయోస్‌లో ఏదైనా మారినా అది అడుగుతుంది. కాగితం మీద రాసి కవరులో పెట్టా, అక్కకి ఇచ్చి ఆధార్ కార్డులు పెట్టే చోట పెట్టమంటా.

బిళ్ళ బ్యాటరీ కూడా మార్చా. ఇందులో మామూలుగా గుచ్చేది కాదు, చిన్న వైరు, ప్లగ్గు ఉన్నది, వైరుతో సహా కొనాలి.

ఆటోకాడ్ విద్యార్థులకి ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, కాలేజీ వివరాలతో అప్లై చెయ్యాలి, అది ఆ పిల్లే చేసుకుంటుంది. ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ వేశా.

ఆగస్టు 2, శనివారం, ఖమ్మం

తీసుకెళ్ళి ఇచ్చా. తను ముందు కీబోర్డు మీద వేళ్ళు ఆడించి చూసింది, తర్వాత అడుగున స్టిక్కర్లు చదివింది.

అక్క ప్రైమరీ స్కూల్లో టీచరు, తనకో పని ఉంది. ప్రశ్నపత్రాలు తెలుగులో కొట్టుకోవాలి. భాషల్లో తెలుగు చేర్చి ఫొనెటిక్ కీబోర్డు పెట్టా, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది, ఇంగ్లిష్‌లో పలికినట్టు కొడితే తెలుగు వస్తుంది. పది నిమిషాల్లో అలవాటైపోయింది. పాత పేపర్లు మాత్రం అను ఫాంట్లలో డీటీపీ సెంటర్లో కొట్టించినవి, యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఎక్కడో దించి ఎక్కిస్తే మళ్ళీ మొదటికొస్తాం. "పోనీలేరా, మళ్ళీ కొట్టుకుంటా, చాలావరకు మార్చాల్సినవే" అంది అక్క. రికవరీ కీ కవరు బీరువాలోకి వెళ్ళింది.

ఖర్చు: లాప్‌టాప్ 17,500, బిళ్ళ బ్యాటరీ 250. ర్యామ్ నా దగ్గరిదే. పెద్ద బ్యాటరీ మార్చడం ఒక్కటే మిగిలింది, అది సంక్రాంతి సెలవుల్లో చూద్దాం.

ఆగస్టు 13, బుధవారం

సాయంత్రం ఫోన్.

"మామయ్యా, అప్‌డేట్ ఉంది, రీస్టార్ట్ చెయ్యమంటోంది. నొక్కనా? మా ఫ్రెండు నొక్కొద్దంటోంది, వాళ్ళ లాప్‌టాప్ కొన్నచోట అలా చెప్పారట."

"చార్జర్ పెట్టి ఉందా?"

"ఉంది."

"నొక్కు."

పావుగంట తర్వాత ఫోటో పంపింది. తెర మీద ఒక గది ప్లాన్, తలుపు ఎటు తెరుచుకోవాలో ఇంకా తేలలేదట.